మొదటి బంతి, చివరి విస్తరి

చిరంజీవులైన పిల్లలకు న్యూరెంబర్గ్ నుంచి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం. ఉభయకుశలోపరి.

పోయిన ఆదివారం ఫోనులో చిట్టి నాకొక పాత వీడియో చూపించి ఒక ప్రశ్న అడిగింది. అది 2018 మే 12న ఇక్కడి జర్మనీలోనే హాంబర్గ్ ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో తీసినది. స్కోరు చూస్తే హాంబర్గ్ జట్టు 2-1 తేడాతో గెలిచింది, కానీ మెడలో నీలం మఫ్లరు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "గెలిచినవాళ్ళు ఎందుకేడుస్తారు తాతయ్యా?" అని అది అడిగితే, రెండు ముక్కల్లో చెప్పబోయి తడబడి, ఉత్తరం రాస్తానని తప్పించుకున్నాను. ఇదుగో ఆ ఉత్తరం.

మన భాషలో బంతి అంటే ఆడుకునే బంతీ అవును, భోజనాల బంతీ అవును. ఈ రెండో బంతిని పట్టుకుంటేనే మొదటిది మీకు బోధపడుతుందని నా నమ్మకం. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ అయిన బుండెస్‌లీగాను పెళ్ళి పందిట్లో మొదటి బంతి అనుకోండి. అందులో 18 విస్తళ్ళే ఉంటాయి. ఒక్కో జట్టు మిగతా 17 జట్లతో తమ ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి, మొత్తం 34 మ్యాచులు ఆడుతుంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమంగా ముగిస్తే ఒకటి. ఆగస్టులో మొదలై మే నెలలో ముగిసే ఈ భోజనం చివర, అట్టడుగున ఉన్న ఇద్దరు విస్తరి ముందు నుంచి లేచి రెండో బంతికి వెళ్ళిపోవాలి. రెండో బంతిలో బాగా ఆడిన ఇద్దరు వచ్చి ఆ చోట్లలో కూర్చుంటారు. పదహారో విస్తరి సంగతి వేరు, అది తరువాత చెబుతాను.

లేచి వెళ్ళడమంటే ఏమిటో నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనమామ కూతురి పెళ్ళిలో ఎలాగో సందు చేసుకుని మొదటి బంతిలో కూర్చున్నాను. ఆకు మీద నీళ్ళు చిలకరించి తుడుచుకున్నాను. ఉప్పు, ఆవకాయ, ముద్దపప్పు వడ్డించారు. నెయ్యి గిన్నె నాకు రెండు ఆకుల దూరంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడు ఒక పెద్దాయన నా భుజం తట్టి, "అబ్బాయీ, నువ్వు లే, మగపెళ్ళివారు వచ్చారు, రెండో బంతిలో కూర్చుందువుగాని" అన్నాడు. రెండో బంతిలోనూ అదే పప్పు, అదే పులిహోర. కాకపోతే గారెలు చల్లారిపోయాయి, కాజాలు అయిపోయాయి. అయినా ఇన్నేళ్ళ తరువాత నాకు గుర్తున్నది కాజాలు దొరకలేదని కాదు, వరసలో ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూస్తుండగా ఆ ఆకు ముందు నుంచి లేచిన క్షణం.

జట్టుకూ అంతే. దిగిపోయిన జట్టుకు టీవీ వాళ్ళిచ్చే డబ్బు బాగా తగ్గిపోతుంది, మంచి ఆటగాళ్ళు వేరే జట్లకు వెళ్ళిపోతారు, ఆఫీసులో పనిచేసేవాళ్ళలో కొందరికి ఉద్యోగాలే ఉండవు. అయితే నన్ను లేపినట్టు ఇక్కడ మొహం చూసి ఎవరినీ లేపరు. బంతిలో వలపక్షం కూడదని మనం చెప్పుకుంటాం గాని పాటించం. ఈ లీగులో దాన్ని నికార్సుగా పాటిస్తారు. మా ఊరి జట్టు న్యూరెంబర్గ్ 1968లో ఛాంపియన్. అంటే మొదటి విస్తరి ముందు కూర్చున్నది. మరుసటి ఏడాది, 1969లో, అదే జట్టు అడుగున పడి దిగిపోయింది. బుండెస్‌లీగాలో ఛాంపియన్‌గా ఉంటూ దిగిపోయిన జట్టు మరొకటి లేదు. మొత్తం మీద మావాళ్ళు తొమ్మిదిసార్లు దిగారు, అదీ రికార్డే. అందుకే ఈ ఊరివాళ్ళు తమ యాసలో "క్లబ్బు వట్టి మొద్దు" అని ముద్దుగా తిట్టుకుంటారు. బయటివాళ్ళు అంటే మాత్రం ఊరుకోరు.

మన పందిట్లో గోవింద కొట్టాక అందరూ ఒకేసారి ముద్ద ఎత్తుతారు, అందరూ ముగించేదాకా ఎవరూ లేవరు. చివరి శనివారం ఇక్కడా అదే మర్యాద. తొమ్మిది మ్యాచులూ ఒకేసారి, ఇక్కడి మధ్యాహ్నం మూడున్నరకు, మీకు సాయంత్రం ఏడింటికి మొదలవుతాయి. పక్క మ్యాచు ఫలితం ముందే తెలిస్తే, తమకు ఎంత కావాలో అంతే ఆడి చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది కనుక ఈ ఏర్పాటు. దీనివల్ల ఒక చిత్రమైన సంగతి జరుగుతుంది: మన జట్టు కళ్ళ ముందు ఆడుతూ ఉంటుంది, దాని తలరాతను మాత్రం రెండు వందల కిలోమీటర్ల అవతల ఇంకెవరో రాస్తూ ఉంటారు.

దీన్ని నేను 1999 మే 29న చూశాను, కాదు, విన్నాను. నేను ఈ ఊరు వచ్చి అప్పటికి మూడేళ్ళు. కింది వాటాలో ఉండే పెద్దాయన వంటింట్లో కూర్చుని రేడియో వింటున్నాం. ఇక్కడి రేడియోలో ఆ రోజు అన్ని స్టేడియాల నుంచీ వ్యాఖ్యాతలు వంతులవారీగా, ఒక్కోసారి ఒకరి మాట మధ్యలో ఇంకొకరు దూరి చెబుతూ ఉంటారు. ఆ ఏడాది నిబంధన ప్రకారం ముగ్గురు దిగిపోవాలి. ఆఖరి మ్యాచుకు ముందు మావాళ్ళు 37 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఉన్నారు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు 34 మాత్రమే ఉన్నాయి. పెద్దాయనకు భయమన్నది లేదు. కాఫీ తాగుతూ అదృష్టం కోసం ఎర్ర మఫ్లరును కుర్చీకి తగిలించాడు.

మావాళ్ళు సొంత ఊళ్ళో ఫ్రైబుర్గ్ చేతిలో 0-2 వెనుకబడ్డారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనేమో, అంతకు ముందటి ఏడాది ఛాంపియన్ అయిన కైజర్స్‌లాటెర్న్ మీద ఆ ఊరి జట్టు రెండో సగంలో గోలు వెనుక గోలు వేస్తోంది. 2-1 అన్నారు, 3-1 అన్నారు, 4-1 అన్నారు. పెద్దాయన కాఫీ కప్పు దించేశాడు. ఇంకో అయిదు నిమిషాల ఆట ఉందనగా మావాళ్ళు ఒక గోల్ వేసి 1-2 చేశారు. లెక్క ప్రకారం గండం గడిచింది. 89వ నిమిషంలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆటగాడు, నార్వే దేశస్థుడు యాన్ ఓగె ఫ్యోర్టాఫ్ట్, బంతి మీదుగా కాలు తిప్పి గోల్‌కీపరును ఏమార్చి అయిదో గోల్ వేశాడు. ఆఖరి క్షణాల్లో మా ఆటగాడు బౌమన్‌కు గోలు ముందే బంతి దొరికింది. అది లోపలికి వెళ్ళి ఉంటే స్కోరు సమమయ్యేది, ఆ ఒక్క పాయింటే చాలేది. వెళ్ళలేదు. మా స్టేడియం నుంచి మాట్లాడుతున్న గుంటర్ కోఖ్ అనే వ్యాఖ్యాత, తాను అగాధం అంచు నుంచి మాట్లాడుతున్నానని రేడియోలో చెప్పాడు. ఆ గొంతు విన్నవాళ్ళు ఈ ఊళ్ళో దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక్కడ గారెలతో కాజాలతో చెప్పడానికి నేను చాలాసేపు ప్రయత్నించి ఓడిపోయాను కనుక, పలక తీసుకోండి. పాయింట్లు ఇద్దరికీ 37. పాయింట్లు సమమైతే వేసిన గోల్స్‌కూ ఇచ్చుకున్న గోల్స్‌కూ ఉన్న తేడా చూస్తారు. ఏడాది మొత్తం మీద ఫ్రాంక్‌ఫర్ట్ 44 గోల్స్ వేసి 54 ఇచ్చుకుంది, న్యూరెంబర్గ్ 40 వేసి 50 ఇచ్చుకుంది. తీసివేత చేయండి. ఇద్దరికీ తేడా పదే. అప్పుడు ఎక్కువ గోల్స్ వేసినవాడిది పైచేయి. 40 కన్నా 44 పెద్దది. ఇప్పుడు ఫ్యోర్టాఫ్ట్ వేసిన ఆ ఒక్క గోల్ తుడిచేసి మళ్ళీ తీసివేయండి. తేడా పదకొండవుతుంది, దిగవలసింది ఫ్రాంక్‌ఫర్ట్. లెక్కల్లో ఒక్క అంకే కదా అని మీరు అశ్రద్ధ చేస్తారని మీ నాన్న అంటూంటాడు. పన్నెండో స్థానంలో కూర్చున్న జట్టు ఒక్క అంకెతో లేచిపోయిందని అశ్రద్ధ చేసినప్పుడల్లా గుర్తు చేసుకోండి.

పెద్దాయన రేడియో కట్టేసి, కప్పులు కడిగి బోర్లించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వేసవిలోనే రెండో డివిజన్ సీజన్ టికెట్టు కొనుక్కొచ్చి నాకు చూపించాడు. "మొద్దే, కానీ మా మొద్దు" అన్నాడు.

పదహారో విస్తరి సంగతి చెబుతానన్నాను. ఆ జట్టు లేవనూ లేవదు, నిశ్చింతగా తిననూ తినదు. రెండో బంతిలో మూడో స్థానం వచ్చినవాడితో, ఇక్కడొకటి అక్కడొకటి రెండు మ్యాచులు ఆడి తన విస్తరిని కాపాడుకోవాలి. 2024లో బోఖుమ్ జట్టు ఆ స్థితిలో పడి, డ్యూసెల్‌డార్ఫ్ చేతిలో సొంత ఊళ్ళోనే 0-3 తో ఓడింది. అందరూ ఆశ వదిలేసుకున్నారు. నాలుగు రోజులకు అదే బోఖుమ్ ఎదుటివాళ్ళ ఊరు వెళ్ళి 3-0 తో గెలిచి లెక్క సమం చేసి, ఆపైన పెనాల్టీ షాట్ల పోటీలో నిలబడింది. మరుసటి ఏడాది మామూలుగా అడుగున పడి దిగిపోయిందనుకోండి. అయినా ఆ రాత్రి ఆ రాత్రే.

ఇక చిట్టీ, నీ హాంబర్గ్ పెద్దమనిషి. 1963లో ఈ బంతి వేసిన నాటి నుంచి ఆ రోజు దాకా ఒక్కసారీ లేవని జట్టు హాంబర్గ్ ఒక్కటే. ఎన్నేళ్ళు, ఎన్ని రోజులు, ఎన్ని గంటలుగా కూర్చుని ఉన్నామో చూపించే గడియారం ఒకటి వాళ్ళ స్టేడియంలో ఉండేది. ఆ రోజు వాళ్ళు గెలవడమే కాదు, వోల్ఫ్స్‌బుర్గ్ ఓడిపోవాలి కూడా. ఆ వోల్ఫ్స్‌బుర్గ్ తన ఊళ్ళో కొలోన్ మీద 4-1 తో గెలిచింది. హాంబర్గ్ గెలుపు ఎందుకూ కొరగాలేదు. ఆట ముగియవస్తుండగా ఒక మూల కొందరు బాణసంచా మైదానంలోకి విసిరితే నల్లటి పొగకమ్మి ఆట పావుగంట ఆగింది. మిగతా స్టేడియమంతా వాళ్ళ మీద ఈలలు వేసింది. మన దగ్గర ఈల మెచ్చుకోలు. ఇక్కడి మైదానాల్లో అది ఛీత్కారం. గడియారం 54 సంవత్సరాల 261 రోజుల దగ్గర ఉంది. ఆయన ఏడ్చింది ఆ మ్యాచుకు కాదు, ఆ గడియారానికి. తరువాత ఆ జట్టు ఏడేళ్ళు రెండో బంతిలో కూర్చుంది. చల్లారిన గారెలకు ఎవరొస్తారని నువ్వు అడుగుతావేమో, సగటున 50 వేలమందికి పైగా చూడవచ్చిన ఏడాదులూ ఉన్నాయి. 2025 మే 10న ఉల్మ్ మీద 6-1 తో గెలిచి మళ్ళీ మొదటి బంతికి వచ్చారు. ఆ రోజు కూడా ఏడ్చారు.

ఎందుకంత ఏడుస్తారంటే ఇంతకన్నా నాకు చెప్పడం రాదు. వచ్చే మేలో ఆఖరి శనివారం సాయంత్రం ఏడింటికి మీరే కూర్చోండి. ఏ ఒక్క మ్యాచూ చూడవద్దు, పాయింట్ల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకోండి. అడుగున ఉన్న అయిదు జట్ల పేర్లు కాగితం మీద వరసగా రాసి, ఎక్కడ గోల్ పడినా వరస మారితే కొట్టేసి కొత్త వరస కింద రాయండి. చిట్టి రాయాలి, చిన్నవాడు గడియారం చూసి నిమిషం చెప్పాలి. అంతా అయ్యాక ఆ కాగితం పారేయకుండా నాకు పంపండి. చివరి పది నిమిషాల్లో ఎన్ని కొట్టివేతలు పడ్డాయో చూడాలని ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య