చినార్ తొడిమ కింద దాగే మొగ్గ

కాశ్మీర్ నుంచి తెచ్చుకున్న ఎర్రటి చినార్ ఆకును చూపిస్తే చాలామంది అడిగే మాట: "ఇది మేపుల్ ఆకే కదా?" రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. ఆ పొరపాటులో పేర్ల పాత్ర పెద్దదే.

చినార్ పారశీకపు మాట. ఇంగ్లీషులో దాన్ని ప్లేన్ ట్రీ అంటారు. గ్రీకు ప్లాటనోస్ లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా అరిగి అలా మిగిలింది. ప్లాటనోస్‌ను 'వెడల్పైన' అనే అర్థమున్న ప్లాటుస్‌తో ముడిపెడతారు. ప్లాటుస్‌కు సంస్కృతంలో తోబుట్టువు పృథు. మన పృథ్వి కూడా ఆ కుదురులోదే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ తన పుస్తకంలో చినార్‌కు ప్లాటనస్ ఓరియంటాలిస్ అని పేరుపెట్టి, అదే పుస్తకంలో ఒక మేపుల్‌ను ఏసర్ సూడోప్లాటనస్, అంటే 'ఉత్తుత్తి ప్లాటనస్' అన్నాడు. బ్రిటన్‌లో సైకమోర్ అంటే ఈ మేపులే. అమెరికాలో సైకమోర్ అంటే అసలు ప్లాటనస్. బైబిల్లోని సైకమోర్ మన మేడికి చుట్టం!

కాబట్టి ఆకు ఆకారాన్ని పక్కనపెట్టి తొడిమ చూడాలి. మేపుల్‌కు కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, చినార్‌కు కణుపుకొకటే. మేపుల్ తొడిమకూ కొమ్మకూ మధ్య పంగలో వచ్చే ఏటి మొగ్గ బయటికే కనిపిస్తుంది. చినార్‌లో ఎంత వెతికినా కనపడదు. వేసవి చివర్లో ఒక ముదురాకు తొడిమను మొదట్లో పట్టుకుని మెల్లగా వంచి లాగండి. ఉబ్బిన తొడిమ అడుగు లోపల గుల్ల. పెన్ను మూతలా అది మొగ్గను పూర్తిగా కప్పేసి ఉంటుంది. లేతాకుతో ప్రయత్నిస్తే మొగ్గ ఇంకా ఎదగక ఏమీ తేలదు. ఆకు రాలాక చూస్తే మచ్చ మొగ్గ చుట్టూ తిరిగి ఉంటుంది. ఆ మొగ్గకు పొలుసు ఒక్కటే. బళ్లలో ఆకు బొమ్మ గీయించి వదిలేస్తారు, తొడిమ అడుగు చూపించరు. పెద్ద లోటది.

మరి చినార్ బంధువులెవరు? 1990లలో జన్యువుల్ని పోల్చి చూస్తే తామర తేలింది! కలువ, తామర అక్కచెల్లెళ్లనుకుంటాం గానీ, కలువ పుప్పొడి రేణువుకు తెరుచుకునే గాడి ఒకటే. తామరకు, చినార్‌కు మూడేసి. ఈ రెండూ ప్రోటియేలిస్ క్రమంలోవి, అంటే కొన్ని మొక్కల కుటుంబాలను కలిపిన ఒకే పెద్ద గుంపులోవి. అరకు కాఫీ తోటల్లో మిరియాల తీగ పాకించే సిల్వర్ ఓక్ కూడా ఆ క్రమానిదే, పేరులో ఓక్ ఉన్నా.