కుండీలో నీలి, గిన్నెలో బంతి

ఇంట్లోనే నూలుకు రంగు వేద్దామనుకునేవాళ్ళ చూపు ముందుగా బీట్‌రూట్ మీద పడుతుంది. తరిగితేనే చెయ్యంతా ఎర్రబడుతుంది, ఇక నూలు సంగతి చెప్పాలా అనిపిస్తుంది. కానీ అందులోని బీటాలైన్‌లు అనే రంగు పదార్థాలు పోగును పట్టుకోవు, రెండు ఉతుకులకే పోతాయి. పసుపు కాస్త మెరుగు. ఏమీ కలపకుండానే పట్టేస్తుంది గానీ, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. పైగా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా ఈ గుణం వల్లే.

కాబట్టి డాబా మీద మొక్కలు వేసేముందు, ఏ రంగు పోగును వదలకుండా ఉంటుందో చూసుకోవాలి. ఆ లెక్కన నా ఓటు బంతికే. దసరా తోరణాలు వాడిపోయాక పారేయకుండా ఎండబెట్టుకుంటే చాలు. బంతిపూల పసుపు రంగును నూలుకు పట్టించేది పటిక. అందులోని అల్యూమినియం పెళ్ళిళ్ళ పేరయ్యలాంటిది: అటు పోగునూ ఇటు రంగునూ కలుపుతుంది. ఉన్ని, పట్టు ప్రొటీన్లు కనుక పటికను సులువుగా తీసుకుంటాయి. పత్తి సెల్యులోజ్, అంత తేలిగ్గా లొంగదు. దానికి ముందు కరక్కాయ పట్టించాలి. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం పోగుకు అంటుకుని అల్యూమినియాన్ని నిలబెడుతుంది. కలంకారీ పనివాళ్ళు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచేది ఊరికే కాదు. 100 గ్రాముల నూలుకు 20 గ్రాముల కరక్కాయ పొడి, 15 గ్రాముల పటిక, నూలుతో సమానంగా ఎండు బంతిపూలు సరిపోతాయి. చివర్లో తుప్పు మేకులు నానిన నీళ్ళు కొంచెం పోస్తే బంగారు పసుపు కాస్తా ముదురు ఆలివ్ రంగులోకి దిగుతుంది. ఈ గిన్నెలు మళ్ళీ వంటకు మాత్రం వాడొద్దు.

నీలి మొక్కది వేరే దారి. దానికి పటికతో పనే లేదు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క చూడ్డానికి వెంపలిలా ఉంటుంది. జుట్టుకు పెట్టుకునే ఇండిగో పొడి దీని ఆకే. గింజ పైపొర గట్టిది కాబట్టి వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వాలి. తొలకరికి వేస్తే సుమారు మూడు నెలలకు కోతకొస్తుంది. పూత మొదలవుతుండగా కొమ్మలు కోసుకుంటే మళ్ళీ చిగురిస్తుంది. ఆకులో రంగు పాళ్ళు చాలా తక్కువ, ఒక్క కుండీతో రుమాలు కూడా అద్దలేం.

విచిత్రమేమిటంటే, పచ్చి ఆకులో నీలం లేనే లేదు. ఉన్నది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. ఆకును నీళ్ళలో నానబెడితే ఎంజైములు దాన్ని విడగొడతాయి. ఆ నీళ్ళు వడగట్టి, సున్నం కలిపి గిలకొడితే గాలి తగిలి నురగ నీలమవుతుంది, అడుగున నీలిమందు పేరుకుంటుంది. చిక్కేమిటంటే అది నీళ్ళలో కరగదు, కరగనిది పోగులోకి దూరదు. అందుకే తొట్టిలో దానికి బెల్లం, సున్నం కలిపి వెచ్చగా ఉంచి, గాలిలోని ఆక్సిజన్ చేసిన మార్పును తిప్పికొడతారు, అప్పుడది కరుగుతుంది. తగిరిస గింజలు ఉడికించి పోసే పాత పద్ధతీ ఉంది. తొట్టి తయారైతే పైన రాగి మెరుపు మీగడ కడుతుంది, కింద ద్రవం ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని చిలపను, అంటే నూలు చుట్టను, ముంచి తీస్తే ఆకుపచ్చగా వస్తుంది. అంచుల దగ్గర మొదలై, చూస్తుండగానే నీలం లోపలికి పాకుతుంది. ముదురు కావాలంటే మళ్ళీ మళ్ళీ ముంచడమే.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆడాల్ఫ్ వాన్ బేయర్ ఈ నీలం అణువు నిర్మాణాన్ని 1883లో తేల్చాడు. 1897లో బీఏఎస్ఎఫ్ అనే జర్మన్ రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలాన్ని అమ్మకానికి పెట్టాక నీలి సాగు కూలిపోయింది. మన జీన్స్‌లో ఉన్నదీ, కుండీ ఆకు నుంచి వచ్చేదీ ఒకే అణువు.

ఎరుపును మాత్రం కుండీల్లో ఆశించకండి. మచిలీపట్నం అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరివేరు ఇసుక నేలల మొక్క. రంగంతా సన్నటి వేళ్ళలోనే, అది కావాలంటే మొక్కనే పీకాలి. దానికన్నా ఆయుర్వేద దుకాణంలో మంజిష్ఠ కొని, కరక్కాయ, పటిక పట్టించిన నూలుతో ఉడికించుకోవడం నయం.