ఆపరేషన్ ముందు ఒళ్లు అలవకూడదా? అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ఫిజియోథెరపీ చేస్తాను. మూత్రాశయం, ప్రోస్టేట్, కిడ్నీ కేన్సర్లకు ఆపరేషన్ తేదీ తీసుకున్నవాళ్లు ఛత్రపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, ఇటు ఇచ్ఛాపురం నుంచి కూడా వస్తుంటారు. ఆపరేషన్ విశాఖలోనో కటక్‌లోనో జరుగుతుంది. దానికి ముందున్న వారాలు మాత్రం ఇంట్లోనే, చాలామందికి మంచం మీదే గడిచిపోతాయి. నా పేచీ అంతా ఆ మంచంతోనే.

అపోహ: "కత్తి పడే ఒళ్లు, ఇప్పట్నుంచే విశ్రాంతి ఇవ్వాలి."

ఇంటివాళ్లు ప్రేమతోనే అంటారు. కోడలు నీళ్ల చెంబు ఎత్తనివ్వదు, కొడుకు వీధి చివరి టీ కొట్టుకీ బండి మీదే తీసుకెళ్తాడు. కండకి మాత్రం ఈ ప్రేమ పడదు. 2007లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను 10 రోజులు మంచాన ఉంచితే కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గింది. ఇక మూత్రాశయం తీసేయడమంటే గంటల తరబడి మత్తు, పేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి, ఆపైన కొన్నాళ్లు తిండి సయించకపోవడం. ఒళ్లు ఎలాగూ తగ్గుతుంది. ముందే తగ్గించుకుని వెళ్తే లేచి నడవడానికి ఇంకేం మిగులుతుంది?

గుండె, బీపీ, హిమోగ్లోబిన్ చూసుకున్నాక మామూలుగా మేం చెప్పేది ఇది: వారానికి ఐదు రోజులు అరగంట చురుకైన నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వారంలో రెండు మూడు రోజులు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 10 సార్లు చొప్పున రెండు దఫాలు. 6 నిమిషాల్లో ఎంత దూరం నడిచారో మొదట్లోనూ చివర్లోనూ కొలుస్తాం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు దాటాక నడక వద్దు. చోడి (రాగి) అంబలితోనో పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) తోనో సరిపెట్టుకోకండి. గుడ్డు, చేప, పప్పు కావాలి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు ఎంత తినాలో డాక్టర్నే అడగాలి.

అయితే ఒక మాట. వ్యాయామం చేస్తే ఆపరేషన్‌లో ఏ చిక్కూ రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. శక్తి పెరగడం, నడక త్వరగా తిరిగిరావడం పరిశోధనల్లో కనిపించాయి. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గుతాయా అన్నదానిపై ఫలితాలు ఒక్కతీరుగా లేవు.

అపోహ: "కదిలితే కేన్సర్ పాకుతుంది."

పాకదు. కాకపోతే మూత్రంలో రక్తం పోతున్నవాళ్లకి రక్తహీనత వచ్చి ఆయాసం ఉంటుంది, ముందు దాని సంగతి చూడాలి. రక్తం గడ్డలుగా పడినా, మూత్రం బిగిసిపోయినా వ్యాయామం ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ప్రోస్టేట్ కేన్సర్ ఎముకలకి చేరినవాళ్లు డాక్టర్ని అడక్కుండా బరువులు ఎత్తకూడదు, ఎముక విరగొచ్చు.

అపోహ: "ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక మూత్రం కారితే అప్పుడు చూద్దాం."

కటి కండరాల, అంటే మూత్రాన్ని పట్టి ఉంచే కింది భాగపు కండరాల వ్యాయామం పేరెత్తగానే మగవాళ్లు నవ్వుతారు. ప్రసవమైన ఆడవాళ్ల కోసం డాక్టర్ ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామమే మరి. ఆ కండరం మగవాళ్లకీ ఉంది. అపాన వాయువు పోకుండా ఆపుకుంటామే, అలా బిగించి ఐదు లెక్కపెట్టి, పది లెక్కపెట్టేదాకా వదిలేయాలి. పదేసి సార్లు, రోజుకి మూడు పూటలు. పొట్ట, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకండి. ఏ కండరమో ముందే తెలిసినవాళ్లకి ఆపరేషన్ తర్వాత తొలి నెలల్లో మూత్రం మీద పట్టు త్వరగా రావచ్చు. ఏడాది గడిచాక తేడా పెద్దగా ఉండకపోవచ్చు, కానీ ఆ తొలి నెలల్లోనే కదా మనిషి పెళ్లికీ పేరంటానికీ వెళ్లడం మానేసేది! ఆపరేషన్ తర్వాత మూత్రపు గొట్టం ఉన్నన్నాళ్లూ చేయకూడదు. తీశాక డాక్టర్ చెబితే మళ్లీ మొదలుపెట్టాలి.

అపోహ: "ఇప్పుడు చుట్ట మానితే కఫం పెరిగి ఆపరేషన్‌కి ఇబ్బంది."

అలాంటి రుజువేమీ లేదు. మూత్రాశయ కేన్సర్‌కి పెద్ద కారణమే పొగాకు పొగ. కనీసం నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తులకీ పుండు మానడానికీ మేలు. అడ్డపొగ తాగే మామ్మలకీ ఇదే వర్తిస్తుంది. నిప్పు లోపల పెట్టుకున్నా పొగ పొగే.

అపోహ: "ఒళ్లు బాగా కుదిరాకే ఆపరేషన్ చేయించుకుందాం."

వద్దు. వ్యాయామం కోసం తేదీ జరపమని ఏ ఫిజియో చెప్పకూడదు. మూత్రాశయం గోడలోని కండలోకి దిగిన కేన్సర్‌కి మూడు నెలలు మించి ఆలస్యం ప్రమాదం. రెండు వారాలే ఉంటే ఆ రెండు వారాలే వాడుకుందాం. ముందు కీమో ఇస్తున్నవాళ్లకి ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది. నీరసంగా ఉన్న రోజు ఇంటి చుట్టూ పది నిమిషాలు తిరిగినా చాలు. జ్వరం వస్తే మాత్రం నడక మానేసి, వెంటనే కీమో ఇచ్చిన డాక్టర్‌కి ఫోన్ చేయండి.