గిట్: భయపడాల్సింది దేనికి, అక్కర్లేనిది దేనికి?

అనంతపురంలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు టీంలతో పనిచేసేవాళ్ళు ఇప్పుడు వీధికొకరు కనిపిస్తారు. నేనూ అదే బాపతు. దానికి తోడు ఇక్కడి శెనక్కాయల మిల్లులకు తూకం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీంను చూసుకుంటాను. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గిట్. కొత్తగా చేరే పిల్లలు దాని కమాండ్లు ఇట్టే పట్టేస్తారు. దేనికి భయపడాలో మాత్రం తారుమారుగా నేర్చుకుని వస్తారు.

అపోహ: నెట్ లేకపోతే గిట్ పనిచేయదు

గిట్ వేరు, ఆ కోడ్‌ను నెట్‌లో ఉంచుకునే సైట్ గిట్‌హబ్ వేరు. లైనక్స్ కెర్నల్ రాసేవాళ్ళకు, అప్పటిదాకా ఇదే పనికి వాడిన బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోయేసరికి, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. గిట్‌హబ్ వచ్చింది 2008లో. మామూలుగా క్లోన్ చేస్తే, అంటే ప్రాజెక్టు కాపీ దింపుకుంటే, చరిత్ర మొత్తం మన ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది. గాలివానకు కరెంటు, వైఫై రెండూ పోయినా, బ్యాటరీ ఉన్నంతసేపు కమిట్ చేయొచ్చు (చేసిన మార్పులను చరిత్రలో నమోదు చేయొచ్చు), బ్రాంచ్ (విడిగా సాగే పని దారి) మారొచ్చు, పాత కోడ్ తిరగేయొచ్చు. పుష్ (మన కమిట్లు సర్వర్‌కు పంపడం), పుల్ (అక్కడివి తెచ్చుకోవడం) లాంటివి చేసేటప్పుడే నెట్ కావాలి. (పొద్దున మీటింగ్‌లో "నెట్ లేదు, అందుకే పని కాలేదు" అనేవాళ్ళు ఈ పేరా చదవనట్టే ఉండొచ్చు.)

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే ఎవరో తప్పు చేశారు, రాలేదంటే అంతా సవ్యంగా ఉంది

"అన్నా, కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, ఏం ముట్టుకోలేదు" అని రాత్రి పదింటికి ఫోన్ చేస్తారు. ఏదో కాలిపోయిందన్నంత కంగారు. రెండు బ్రాంచ్‌లను కలిపేటప్పుడు (దీన్నే మెర్జ్ అంటారు) ఇద్దరి కోడ్‌నూ, ఆ ఇద్దరూ బయల్దేరిన పాత కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తుంది గిట్. ఒకే చోట ఇద్దరూ వేరువేరుగా మార్చి ఉంటే, ఏది ఉంచాలో మీరే చెప్పండి అని ఆగుతుంది. కాన్‌ఫ్లిక్ట్ అంటే అదే. అంతకుమించి అందులో ఏమీ లేదు.

అసలు చిక్కు అది ఆగనప్పుడు వస్తుంది. మా దగ్గర జరిగిందే చెబుతా. తూకం ఇచ్చే ఫంక్షన్ కిలోల్లో ఇచ్చేది. ఒకమ్మాయి దాన్ని క్వింటాళ్ళకు మార్చి, అది వాడుతున్న చోట్లన్నీ వెతికి సరిచేసింది. అదే సమయంలో ఇంకో అబ్బాయి వేరే బ్రాంచ్‌లో, వేరే ఫైల్‌లో, తరుగు రిపోర్టు కొత్తగా రాశాడు, కిలోలే వస్తాయనుకుని. ఫైళ్ళు వేరు కాబట్టి మెర్జ్ నున్నగా అయిపోయింది, బిల్డ్ కూడా పాసైంది. టెస్టింగ్‌లో చూస్తే 42 క్వింటాళ్ళ లోడు రిపోర్టులో 42 కిలోలైంది. ఇద్దరి కోడూ ఎవరి బ్రాంచ్‌లో వాళ్ళది కరెక్టే. గిట్‌కు కనిపించేది అక్షరాలు, లైన్లు. కిలో ఏదో క్వింటాల్ ఏదో దానికి తెలియదు. అందుకే మెర్జ్ అయ్యాక టెస్టులు మళ్ళీ నడపాలని పోరేది.

ఇంకో మాట. రీబేస్ (మన కమిట్లను ఇంకో బ్రాంచ్ కొసన మళ్ళీ పేర్చడం) మధ్యలో కాన్‌ఫ్లిక్ట్ వస్తే "అవర్స్" (మనది), "థెయిర్స్" (వాళ్ళది) తలకిందులవుతాయి. అక్కడ "అవర్స్" అంటే మన పని కాదు, మనం ఏ బ్రాంచ్ మీదికి ఎక్కుతున్నామో అది. కంగారులో ఆ బటన్ నొక్కి సొంత కోడ్‌ను తామే తుడిచేసుకున్నవాళ్ళు ఉన్నారు.

అపోహ: పొరపాటున రీసెట్ కొడితే పని గల్లంతే

రీసెట్ అంటే బ్రాంచ్‌ను పాత కమిట్‌కు వెనక్కి జరపడం. కమిట్ చేసి ఉంటే పని అంత సులువుగా పోదు. రెఫ్‌లాగ్ (ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉన్నామో గిట్ రాసుకునే చిట్టా) తెరిస్తే పాత కమిట్ ఐడీ కనిపిస్తుంది, అక్కడికి వెనక్కి వెళ్ళొచ్చు. సెట్టింగులు మార్చకపోతే, ఏ బ్రాంచ్‌కూ అందని కమిట్ల ఎంట్రీలు కూడా 30 రోజులు ఉంటాయి. అసలు కమిట్టే చేయకుండా, కనీసం యాడ్ (కమిట్‌కు సిద్ధం చేయడం) అయినా చేయకుండా, ఫైళ్ళలోని మార్పులను కూడా తుడిచే హార్డ్ రీసెట్ కొడితే మాత్రం గిట్ కాపాడలేదు. సాయంత్రం దాకా ఒక్క కమిట్ కూడా చేయకుండా కూర్చునేవాళ్ళకే ఈ ముప్పు.

అపోహ: పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ డిలీట్ చేసి కమిట్ చేస్తే సరిపోతుంది

దీనికి ఎవరూ భయపడరు, భయపడాల్సింది దీనికే. ఆ ఫైల్ పాత కమిట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎవరైనా చరిత్ర తిరగేస్తే చాలు, బయటపడుతుంది. గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ళ జాబితాలో) పేరు చేర్చినా లాభం లేదు, గిట్ అప్పటికే ట్రాక్ చేస్తున్న ఫైల్‌కు ఆ జాబితా వర్తించదు. పుష్ అయిపోయి ఉంటే ముందు పాస్‌వర్డ్ మార్చండి. చరిత్రను కడిగే పని ఆ తర్వాత, అదీ టీం అందరికీ చెప్పి. ఎందుకంటే అక్కడి నుంచి కమిట్ ఐడీలన్నీ మారిపోతాయి, పాత క్లోన్ ఉన్నవాళ్ళు ఎవరో పుష్ చేస్తే ఆ ఫైల్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

అపోహ: కమిట్లు లెక్కపెడితే ఎవరెంత పనిచేశారో తెలుస్తుంది

ఇది మేనేజర్ల అపోహ. లెక్కపెడుతున్నారని తెలిసిన మరుసటి రోజు నుంచి కామాకొక కమిట్ పడుతుంది.