విశ్వవిద్యాలయం దేనికని అడిగిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

పాఠాలన్నీ ఫోనులోనే దొరుకుతున్నప్పుడు మూడు నాలుగేళ్లు విశ్వవిద్యాలయంలో కూర్చోవడం దేనికని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. పట్టా కోసమని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

1088లో మొదలైందని చెప్పుకునే ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో, మధ్యయుగాల్లో, న్యాయశాస్త్రం చదవడానికి దూరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు సంఘంగా ఏర్పడి గురువులకే నియమాలు పెట్టారు. గంట మోగగానే పాఠం మొదలుపెట్టాలి, మళ్లీ మోగగానే ఆపాలి; అధ్యాయం దాటవేయకూడదు; ఒక్కరోజు సెలవుకైనా విద్యార్థుల అనుమతి ఉండాలి; ఊరు దాటి వెళ్లాలంటే తిరిగి వస్తాననే పూచీగా కొంత సొమ్ము కట్టాలి. (మీకిది ముచ్చటగా ఉంటుందని తెలుసు, ఆ గురువుల మీద నాకు జాలి కలుగుతుంది.) పారిస్‌లో గురువులే సంఘం కట్టుకున్నారు. 1810లో వెలసిన బెర్లిన్ విశ్వవిద్యాలయం వెనుక, బోధననూ పరిశోధననూ విడదీయరాదన్న జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ ఫాన్ హంబోల్ట్ ఆలోచన ఉంది. అమెరికాలో 1862 నాటి చట్టం వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కళాశాలల కోసం ప్రభుత్వ భూములిచ్చింది. ఎవరికి జవాబు చెప్పుకోవాలో దాన్ని బట్టే విశ్వవిద్యాలయం పని మారుతూ వచ్చిందన్నమాట.

ఇప్పుడది ఎక్కువగా విశ్వవిద్యాలయాల ర్యాంకుల పట్టికలకు జవాబు చెప్పుకుంటోంది. అధ్యాపకుల పరిశోధన పత్రాలను ఎందరు ఉటంకించారో ఆ పట్టికలు లెక్కగడతాయి గాని, మొదటి సంవత్సరం విద్యార్థి రాసిన వ్యాసాన్ని ఎంత శ్రద్ధగా దిద్దారో లెక్కగట్టవు. లెక్కకు రాని పనికి తీరిక దొరకదు.

సంస్కరణ ఆ దిద్దడం దగ్గరే మొదలు కావాలని నా అభిప్రాయం. జనాభా పెరగడం వల్లనే పేదరికం పెరిగిందని ఒక విద్యార్థి రాశాడనుకోండి. 'జనాభా పెరిగినా పేదరికం తగ్గిన దేశాల గురించి ఏమంటావు?' అని గురువు ఆ పేజీ అంచున రాస్తే, అతడు గ్రంథాలయానికి వెళ్లి, లెక్కలు వెతికి, వారం తర్వాత ఆ పేజీ తిరగరాసి, తోటివారి ఎదుట సమర్థించుకోవాలి. ఆ ప్రశ్న ఇప్పుడు కృత్రిమ మేధతో నడిచే యంత్రమూ వేయగలదు. అయితే జవాబు తోచకపోతే యంత్రాన్ని ఆపేసి లేచిపోవచ్చు. ఎదురుగా కూర్చున్న మనుషుల ముందు అది కుదరదు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఇద్దరు ముగ్గురు విద్యార్థులను కూర్చోబెట్టి వాళ్ల రాతలను చర్చించే పద్ధతి ఇప్పటికీ ఉంది. అది ఖర్చుతో కూడిన పని. అన్నిచోట్లా అదే స్థాయిలో సాగుతుందని నేననను. కాని ఏటా మారని ఉపన్యాసాలను రికార్డు చేసి ముందే వినమని చెబితే, తరగతి గంటలో కొంతైనా చర్చకు మిగులుతుంది. కొత్త భవనాల కన్నా ఇది చవక.

ఎక్కడైనా చేరే ముందు అక్కడి రెండో సంవత్సరం విద్యార్థిని పట్టుకుని, మీరు ఈమధ్య రాసినదాన్ని ఎవరు చదివారు, అంచున ఏం రాశారు అని అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య