కళ్లంలో గుంజ

చిట్టికీ, బాబుకీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోనులో చిట్టి అడిగిన దానికి అప్పటికప్పుడు ఏమి చెప్పాలో తోచక, ఉత్తరం రాస్తానులే అని తప్పించుకున్నాను. మన ఊరు ఎంతని! బొబ్బిలి వెళ్లే రోడ్డుకు అటు మన బాప్టిస్టు గుడి, ఇటు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడి, చెరువు గట్టు మీద పెంతెకొస్తు వాళ్ల రేకుల షెడ్డు. క్రిస్మస్ రాత్రి మూడు మైకులూ ఒక్కసారే మోగేసరికి "యేసుప్రభువు ఒక్కడే కదా తాతయ్యా, మరి వీళ్లంతా ఒకటెలా అవుతారు?" అన్నావు.

నా చిన్నప్పుడు ఈ రోజుల్లో కళ్లాల్లో నూర్పులు జరిగేవి. ఇప్పుడు మిషను వచ్చి పూటలో తేల్చేస్తోంది కాబట్టి మీరు చూసి ఉండరు. పేడనీళ్లతో అలికిన కళ్లం నడుమ ఒక గుంజ పాతేవారు. చుట్టూ వరి పనలు పరిచి, నాలుగు ఎద్దులను మెడకు మెడ కలిపి వరుసగా కట్టి, లోపలి ఎద్దు పలుపును ఆ గుంజకు తగిలించేవారు. ఇక రాత్రంతా తిరగడమే. లోపలిది ఉన్నచోటే తిరుగుతున్నట్టు ఉంటుంది, చివరిది పాపం పరుగులు తీస్తుంది. ఆ నాలుగూ ఒక ఇంటివి కావు. రెండు మావి, ఒకటి పెదనాన్నది, ఒకటి ఎదురింటి వాళ్లది. పెదనాన్నకూ ఎదురింటికీ గట్టు తగాదా, మూడేళ్లుగా మాటల్లేవు. ఎద్దులకు ఆ సంగతి తెలియదు.

వాటి మూతికి చిక్కం కట్టబోతే మా తాత ఒప్పుకునేవాడు కాదు. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదని బైబిలు ధర్మశాస్త్రంలో ఉందిగా, అందుకు. ఎద్దు తిన్నంత తినేది, మా అమ్మ గింజలు లెక్కపెట్టుకుని గొణిగేది.

ఒక ఏడాది గుంజ పాతే పని నాకు అప్పగించారు. చలికి బద్ధకించి నాలుగు దెబ్బలు వేసి గడ్డిలో దూరాను. అర్ధరాత్రి లేచి చూస్తే గుంజ ఊడి పలుపుతోపాటు ఈడ్చుకుపోతోంది. ఎద్దులు ఒకదానితో ఒకటి కట్టే ఉన్నాయి, అయినా ఒకటి కుప్ప వైపు, ఒకటి నీళ్ల తొట్టి వైపు లాగి, మెడలు ఒరుసుకుపోయాయి. తాత నన్ను ఒక్క మాట అనలేదు. గుంజను మళ్లీ పాతి, దిమ్మిస నా చేతికిచ్చాడు.

ఈ మూడు గుళ్లకూ ఆ గుంజ ఏదో చెబుతాను, చిట్టీ. ఫిలిప్పు కైసరయ దగ్గర యేసు శిష్యులను, మీరైతే నేనెవరినని అంటారు అని అడిగాడు. "నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు" అన్నాడు పేతురు. ఈ మూడు గుళ్లలో ఏ గుడికి వెళ్లి అడిగినా ఆ మాట కాదనేవాడు లేడు. తొలి రోజుల్లో కొరింథు క్రైస్తవ సంఘంలో, బోధకుల పేర్లు పట్టుకుని నేను పౌలు వాడినని ఒకడు, నేను అపొల్లో వాడినని ఒకడు చీలిపోతే, క్రీస్తు విభజింపబడ్డాడా అని పౌలే కోప్పడ్డాడు. 325లో నీకయ పట్టణంలో బిషప్పులు కూర్చుని వాదించింది కూడా, యేసు ఎవరు అన్న ప్రశ్న మీదే. అక్కడ రాసుకున్న విశ్వాస ప్రమాణమే తర్వాత మరికొంత పెరిగి, 1,700 ఏళ్లు దాటినా మీ నాయనమ్మ వెళ్లే ఆర్‌సీఎం గుడిలో వినిపిస్తోంది.

గుంజ ఒక్కటే అయినంత మాత్రాన మాటలన్నీ కలుస్తాయని అనుకోకు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. దానికోసం ఏళ్ల తరబడి పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు దాన్ని చూడకుండానే 1945లో పోయారు. మన బాప్టిస్టులు అందులో కలవలేదు. మన వాళ్లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, నమ్మానని తానే చెప్పినవాడినే నీళ్లలో ముంచుతారు. అక్కడ మాకు పట్టుదల ఉంది. నాకూ ఉంది, దాచను. కాని పట్టుదలను గుంజ అనుకోకూడదు. మైకు కాస్త తగ్గించుకున్నా తప్పు లేదు, మన గుడి వాళ్లతో సహా.

బాబు అడ్డు తగులుతాడని నాకు తెలుసు: ఎద్దును మనం కట్టాం, మనిషిని ఎవరు కడతారు? నిజమే, అక్కడ నా పోలిక కుంటుతుంది. మనిషి తనంతట తానే వచ్చి కట్టుకోవాలి. అదెలా జరుగుతుందో నేను చెప్పలేను. జరగడం మాత్రం చూశాను.

సంక్రాంతికి వస్తారుగా. రాత్రి మేమిద్దరం పరలోక ప్రార్థన చేసుకునేటప్పుడు మధ్యలో కూర్చుని వినండి. మీ నాయనమ్మ పుట్టింటి నుంచి ఆర్‌సీఎం, నలభై ఏళ్లయినా మార్చుకోలేదు, నేనూ మార్చమనలేదు. నేను "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటాను, ఆమె "మీ నామము పూజింపబడును గాక" అంటుంది. అన్నం అడిగే దగ్గర ఇంచుమించు కలుస్తాం. ఆమె ముందుగా ఆమెన్ అనేస్తుంది. నాకు ఇంకా "రాజ్యము, బలము, మహిమ" అనే చివరి మాటలు మిగిలి ఉంటాయి. అవి అయ్యేదాకా ఆమె కళ్లు తెరవదు. తర్వాత నాతోపాటు రెండో ఆమెన్ అంటుంది.

అరిసెలకు కొత్త బెల్లం తెప్పించాం.

మీ తాతయ్య