అన్నం తిన్నాక అరగంట, ఒక మెలికల ముగ్గు

గుంటూరు నుంచి ఒక తల్లి అడిగారు. ఇంటర్ చదివే కూతురు లావైపోతానన్న భయంతో తిండి బాగా తగ్గించేసింది, వైద్యం నడుస్తోంది, బొమ్మలో కుట్లో ఏదో ఒకటి చేయించమని కౌన్సెలర్ అన్నారట. "యూట్యూబ్ చూసి కేకులు చేసి మా అందరికీ పెడుతుందండీ, తను మాత్రం ముట్టదు. అదీ కళే కదా, సరిపోదా?"

సరిపోదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల ఒప్పుదలతోనే, దాదాపు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్లకి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరైతే వంటల పుస్తకాలు పోగేసి నవలల్లా చదివారు. ఆకలిగొన్న మెదడు తిండి చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఆ కేకుల్లో జబ్బు వాటా కూడా ఉండొచ్చు. (దిష్టి తీయిస్తే తగ్గుతుందని చెప్పే పెద్దవాళ్లకి ఓ నమస్కారం. ఉప్పూ మిరపకాయలూ మండించి మీ తృప్తి మీరు తీర్చుకోండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం తప్పించకండి.)

మరి ఏ పని చేయించాలి? 1974లో బాడ్లీ, హిచ్ అనే మనస్తత్వవేత్తలు పని జ్ఞాపకం (వర్కింగ్ మెమరీ, అంటే ఏదైనా పని చేస్తున్నంతసేపూ మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకం) గురించి ఒక నమూనా ఇచ్చారు. మాటలకి ఒక అర, కంటికి కనిపించే ఆకారాలకి ఇంకో అర. ఈ రెండోది చిన్న పలక లాంటిది, ఒకేసారి రెండు పెద్ద బొమ్మలు పట్టవు. "లావైపోయాను" అన్న ఆలోచన మెరుపులా వచ్చి పోతే పెద్ద బాధ లేదు, అది ఆ పలక మీద అద్దంలోని పొట్టగా, కంచంలోని నెయ్యిగా రంగులతో సహా గీసుకున్నప్పుడే టెన్షన్ తారస్థాయికి చేరుతుంది. అలాంటప్పుడు పలకని ఇంకో పనితో నింపేస్తే? 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో ప్లాస్టిసిన్ మట్టితో ఆకారాలు చేసినవాళ్లకి చాక్లెట్ మీద యావ, అంకెలు లెక్కపెట్టినవాళ్లకంటే ఎక్కువగా తగ్గింది. వాళ్లు రోగులు కారు, మామూలు మనుషులు. అయినా సూత్రం అర్థమవుతుంది కదా: అంకెలు మాటల అరలోకి పోతాయి, పలక ఖాళీగానే ఉంటుంది.

అందుకే జపమో, పాటలు వినడమో కాకుండా నేనైతే మెలికల ముగ్గు అంటాను. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకూ. గీత ఏ చుక్కని చుట్టి ఎటు తిరగాలో, ఇంకా వేయని మెలిక ఎక్కడ వచ్చి కలుస్తుందో ముందే మనసులో చూసుకోవాలి. ఒక్క క్షణం ఏమారితే గీత వచ్చి చేరదు. పలక మీద ఇంక చోటెక్కడిది? అల్లిక కూడా ఇలాంటిదే. కెనడాలో ఆసుపత్రిలో ఉన్న 38 మంది అనోరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) రోగులకి అల్లిక నేర్పిస్తే, నూటికి 74 మంది తమ భయాలూ ఆలోచనల తీవ్రత తగ్గాయన్నారు. పోల్చి చూడటానికి వేరే బృందం లేదు, అంచేత మరీ పొంగిపోకూడదు.

ముగ్గు తిండికి బదులు కాదు. భోజనం అయ్యాక గుండె దడదడలాడే ఆ అరగంటలో, పక్కన ఎవరైనా కూర్చుని వేయించాలి. గీత కాస్త వంకరపోయిందని చెరిపి మళ్లీ మళ్లీ వేస్తుంటే ఆ సంగతి కౌన్సెలర్‌కి చెప్పండి, అన్నీ కచ్చితంగా ఉండి తీరాలన్న పట్టుదల ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది, అది ముగ్గులోకీ పాకుతుంది.